గడియ పెట్టని వరస

కార్తీక శుద్ధ పాడ్యమి
గాలి: తూర్పు. సముద్రం: శాంతం. నా కడుపు: అశాంతం.

లాకు దినచర్య ఇవాళ్టి నుంచి నేనే రాయాలట. నాకు ముందు రాసినాయన రోజూ "అంతా సవ్యం" అని ఒక్క ముక్క రాసి, సంతకం గీకి, చేపల పులుసు తినడానికి పోయేవాడు. ఆ అదృష్టం నా మొహాన రాసిపెట్టి లేదు. మొదటి రోజే రాయడానికి బోలెడు సరుకు దొరికింది.

ముందు నా సంగతి. నా పేరు ఓబులమ్మ. వృత్తి వరసల మేస్త్రి. అంటే ఏది వింటే ఏం చెయ్యాలో యంత్రాలకు ఆనభాషలో వరసలు కట్టి చెప్పేదాన్ని. పుట్టింది సీమలో, వాన పడితే బడికి సెలవిచ్చే ఊళ్ళో. ఈ తెప్పలపాలెం లాకుకు కొత్త చదువరి యంత్రం బిగించడానికి వచ్చాను. నిన్న దీపావళికి పాత చదువరిని దింపి, దీన్ని గద్దె మీద కూర్చోబెట్టాను. ఇది కుదురుకునేదాకా ఉండి పొమ్మన్నారు. ఉండటానికి అభ్యంతరం లేదు గానీ, ఈ ఊరు ఒకచోట నిలబడదు. ఇళ్ళన్నీ తెప్పల మీద, తెప్పలన్నీ ఒకదానికొకటి కట్టి, చుట్టూ అలలాపే గోడ. గోడకు ఒకటే దారి, ఆ దారికి పైకి లేచే తలుపు, అదే లాకు. ఊరు కదులుతోందంటే ఇక్కడివాళ్ళు నావైపు జాలిగా చూస్తారు.

పొద్దున్నే చదువరి చెవులు తుడిచాను. అవి గోడకు బయటివైపు ఉంటాయి, ఉప్పు పేరుకుంటే చెముడు వస్తుంది. ఈ గాలికి ఏ రేడియో ఆర్నెల్లు బతకదు గనక పడవలు బూర ఊదుకుంటూ వస్తాయి. ఇంటికో పిలుపు: కొన్ని పొడుగు ఊదులు, కొన్ని పొట్టి ఊదులు. ఎవరి రేవు ఖాళీగా ఉంటే, అంటే ఎవరి పడవ బయటికి పోయి ఉంటే, వాళ్ళ పిలుపు కోసం చదువరి చెవి పెట్టుకుని ఉంటుంది. వినపడగానే లాకు తెరుస్తుంది. బయటికి పోయేవాళ్ళ కోసం మాత్రం రోజూ తెల్లవారుజామున ఒక్కసారి దానంతటదే తెరిచి మూస్తుంది. రేవులో పడవ కట్టేసి ఉన్నవాళ్ళ పిలుపును ఏ దొంగో బయటినుంచి ఊదితే పట్టించుకోదు. మంచి ఏర్పాటు. నేనే చేశాను గనక మొహమాటం లేకుండా చెబుతున్నాను.

ఆ మంచి ఏర్పాటు ఇవాళ మధ్యాహ్నం సంగాడి కామేశును బయట నిలబెట్టింది. పండగ మర్నాడు గనక ఊరంతటికీ అతనొక్కడే వేటకు పోయాడు. పడవనిండా చేపలతో వచ్చి బుగ్గలు పగిలేలా ఊదాడు. లాకు కదల్లేదు. చివరికి గోడ మీద ఉన్న చేతి చక్రం నలుగురు పట్టి తిప్పితే, గొలుసు కిర్రుమని మూలుగుతూ లాకు లేచింది.

"ఏటండి ఓబులమ్మగారూ, మీ సదువరి సెవుల్లో సీసం పోసుకుందా?" అన్నాడు లోపలికి వస్తూనే.

"నువ్వు సరిగా ఊదింటే అదీ సరిగా తెరుచుకుండేది లేప్పా."

"మా తాత ఊదేడు, మా నాన్న ఊదేడు, నేనూదుతున్నాను. ఇన్నాళ్ళూ లేంది మీరొచ్చాక తప్పొచ్చిందాండి?"

మాటకు మాట చెప్పగలను గానీ ఇంటికి పోయి వరస చూడటం నా ధర్మం. ఏ ఇంటి వరస ఆ ఇంటి గుమ్మానికి వేలాడే పలకలో ఉంటుంది. ఆ ఇంటివాళ్ళ చెయ్యి తగిలితేనే తెరుచుకుంటుంది. పిలుపు ఇంటి సొత్తు కదా. కామేశు తెరిచి చూపించాడు. "ఇల్లు" అన్న మాటతో మొదలు, మధ్యలో పిలుపు, ఆఖరున "గడియ" అన్న మాట. ఇంటితో మొదలుపెట్టి, తలుపుకు గడియ పెట్టినట్టు ముగించాలి. ఆనభాషలో అంతకంటే పెద్ద విద్య లేదు. అన్నీ ఉన్నాయి. పలక ముందే ఊదించి పరీక్షించాను. చదువరి టక్కున గుర్తుపట్టింది.

కాబట్టి తప్పు కామేశుదే. అలాగని రాసి పడుకుంటున్నాను.


శుద్ధ తదియ
గాలి: అదే. కడుపు: మజ్జిగ మీద నడుస్తోంది.

తప్పు కామేశుది కాదు.

ఇవాళ ఊరంతా వేటకు పోయింది. తిరిగి వస్తే సగం పడవలకు లాకు తెరుచుకుంది, సగానికి తెరుచుకోలేదు. మళ్ళీ చక్రం, మళ్ళీ గొలుసు, మళ్ళీ నన్ను చూసి నవ్వులు. సాయంత్రం నాలుగిళ్ళు తిరిగాను. నాలుగిళ్ళలోనూ వరస ముత్యాల్లా ఉంది. నాలుగూ పరీక్షలో నెగ్గాయి.

ఒకే భాష, ఒకే మూడు మాటలు, ఒకే చదువరి. ఒక ఇంటి వరస పలుకుతుంది, ఒక ఇంటిది పలకదు. పలకనిది కూడా నేను పోయి చూసేసరికి పలుకుతుంది. వైద్యుడి గుమ్మం తొక్కగానే తగ్గిపోయే పంటినొప్పి ఇలాగే ఉంటుంది. ఒడ్డుకూ ఊరికీ మధ్య తిరుగుతూ చేపలకు మంచుగడ్డలు తెచ్చే మంచు లాంచీకి మాత్రం ఒక్కసారీ ఆటంకం రాలేదు. లాంచీ నడిపే పోతురాజు అందరికీ వినపడేట్టు "మా వరస బంగారవండి" అంటూ తిరుగుతున్నాడు.

ఒక్కటి మాత్రం కనిపెట్టాను. కొత్తగా కాపురం పెట్టిన కుర్రకారు పడవలు నిక్షేపంగా లోపలికి వస్తున్నాయి. పెద్దలున్న ఇళ్ళకే ఈ తిప్పలు. ఆ ఇళ్ళలో బూరలు కూడా తాతల నాటివి, లోపలంతా చిలుము. ఇంకేం, దొంగ దొరికాడు. రేపు ఊళ్ళో ప్రతి బూరనూ చింతపండు పెట్టి తోమాలని చాటింపు వేయించాను.


శుద్ధ చవితి
గాలి లేదు. కడుపు: పండగ చలిమిడి తిన్నా ఏమీ అనలేదు.

నాగుల చవితి. ఎవరూ వేటకు పోలేదు. ఊరంతా కూర్చుని బూరలు తోమింది. పులుసులోకి చింతపండు లేదని ఆడవాళ్ళు నన్ను తిట్టారు గానీ, బూరలు మాత్రం పెళ్ళికి పోయేట్టు మెరిశాయి.

తరవాత ఇంటింటికీ తిరిగి ఊళ్ళో ఉన్న ప్రతి వరసనూ పరీక్షించాను. ఒక్కటి తప్పలేదు. నా ఇంటి వరస కూడా నెగ్గింది. పడవ లేనిదానికి పిలుపెందుకని మొదట్లో అడిగాను. ఊళ్ళో పొయ్యి వెలిగించిన ప్రతివాళ్ళకీ ఉండాలన్నారు. సరేనని మా ఊరి బస్సు హారను పెట్టుకున్నాను: రెండు పొట్టి, ఒక పొడుగు, మళ్ళీ రెండు పొట్టి. నేను అద్దెకున్నది మల్లాడి నూకరత్నం తెప్ప మీద. అందుకని చదువరి చదివే ఊరి పట్టీలో ఆమె ఇంటి కింద నాది, నా కింద కామేశుది. అద్దెకిచ్చినావిడ రెండో తాళంచెవి దగ్గర ఉంచుకున్నట్టు, నా పలకకు తన చెయ్యి కూడా నేర్పించుకుంది నూకరత్నం. "ఆడకూతురివి, ఒక్కదానివి. ఎప్పుడే అవసరం ఒత్తాదో" అంది. నాకు యాభై దాటాయని చెప్పినా వినలేదు.

మొత్తానికి లోపం తీరింది. చింతపండుతో తీరే లోపానికి మూడు రోజులు పట్టినందుకు కొంచెం సిగ్గుగా ఉంది.


శుద్ధ షష్ఠి
కడుపు సంగతి అడగొద్దు.

ఏడు పడవలు బయట నిలబడ్డాయి. తళతళా మెరిసే బూరలతో.

"సింతపండు సాల్లేదేమోనండి," అన్నాడు కామేశు. "కుంకుడుకాయ కూడా పట్టిద్దావాండి?"

వాడిని నేను ఏమన్నానో దినచర్యలో రాయకూడదు. సాయంత్రం ఏడిళ్ళూ తిరిగాను. ఏడూ ముత్యాలే. ఏడూ నెగ్గాయి. నాకు ఏడుపొచ్చింది.


శుద్ధ సప్తమి

ఊరిపెద్ద లంకే భద్రయ్య పిలిపించాడు. ఆయన పక్కన ఒడ్డు నుంచి వచ్చిన బిళ్లల కంపెనీ మనిషి కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నవ్వు మొహం. ప్రతి పడవకూ ఒక నంబరు బిళ్ల అంటిస్తారట. లాకు బిళ్లను చూసి తెరుచుకుంటుందట. బూరలు, పిలుపులు, వరసలు, మేస్త్రి, ఏమీ అక్కర్లేదట.

"మీరంటే గౌరవవేనండి," అన్నాడు భద్రయ్య. "కానండీ సేపలు ఎండలో కుళ్ళిపోతంటే ఎన్నాళ్ళు సూత్తాం? పున్నమికి ఊరు కూర్చుంటాది. ఆలోగా మీరు తేల్చేత్తే సరి, లేపోతే బిళ్లలేనండి."

ఇంటికొచ్చి నూకరత్నానికి చెప్పాను. ఆమె చేపలు తోముతూ ఉంది. చెయ్యి ఆగింది.

ఆమె వంట తీరు ఒకటి చెప్పాలి. పొయ్యి మీద ఎసరు మరుగుతూ ఉంటుంది, చేటలో బియ్యం సిద్ధంగా ఉంటాయి, ఆమె మాత్రం పొయ్యదు. దూరాన కూతురు వీరవేణి పిలుపు వినపడాలి: ఒక పొడుగు, మూడు పొట్టి, ఒక పొడుగు. అప్పుడు పోస్తుంది బియ్యం. పడవ కట్టి, కాళ్ళు కడుక్కుని, ఆ పిల్ల పీట మీద కూర్చునేసరికి అన్నం వార్చి ఉంటుంది. ఆ పిలుపు వీరవేణిది కాదు, నూకరత్నం పెనిమిటి గవరయ్యది. ఒకనాడు వేటకు పోయి తిరిగి రాలేదు.

"మడిసి దొరకలేదొదినా," అంది నూకరత్నం. "పిలుపొక్కటీ రోజూ ఇంటికొత్తంది. అదీ తీసేత్తారా?"

వీరవేణి అప్పుడే జుట్టు ఆరబెట్టుకుంటూ వచ్చింది. ముప్పయ్యేళ్ళ పిల్ల, గాలివానలో కూడా పడవను ఒంటిచేత్తో తిప్పుతుంది.

"అమ్మా, బయట నిలబడేది నేను. పట్టిన సేపంతా పారబోసేది నేను. నాన్న పిలుపని నాకు మాత్రం లేదా? లాకు తీయనప్పుడు ఆ పిలుపేం సేసుకోను?"

తల్లి మళ్ళీ చేపలు తోమసాగింది. కూతురిదీ న్యాయమే, తల్లిదీ న్యాయమే. మధ్యలో అన్యాయం నా వరసల్లో ఉంది. పున్నమిలోగా దీన్ని పట్టుకోకపోతే సీమకు మొహం ఎత్తుకుని పోలేను. అన్నం సరిగా సయించలేదు. ఇది మాత్రం సముద్రం వల్ల కాదు.


శుద్ధ ద్వాదశి

మధ్యలో రోజులు రాయలేదు. రాస్తే నన్ను నేను తిట్టుకున్న తిట్లే ఉంటాయి. గాలిని అనుమానించాను. పోటునూ పాటునూ అనుమానించాను. పొగాకు నములుతూ ఊదొద్దని కామేశుకు ఆంక్ష పెట్టాను. చదువరిని విప్పి ముక్క ముక్కా తుడిచి మళ్ళీ బిగించాను. అది నావైపు అమాయకంగా చూసింది.

మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు ఇవాళ చేతి చక్రం గొలుసు తెగింది. ఇన్నాళ్ళుగా రోజూ లాగితే ఏ గొలుసైనా తెగుతుంది. కమ్మరి కొత్త కొక్కేల కోసం రేపు తెల్లవారుజామున ఒడ్డుకు పోతున్నాడు. గొలుసు వచ్చేదాకా ఎవరూ వేటకు పోవద్దన్నాడు భద్రయ్య.


శుద్ధ త్రయోదశి
ఇది స్థిమితంగా రాస్తున్నాను.

తెల్లవారుజామున వీరవేణి వేటకు పోయింది. వల సముద్రంలోనే ఉండిపోయింది, తేకపోతే కొట్టుకుపోతుందని.

"లాకో?" అన్నాను.

"మజ్జాన్నం మంచు లాంచీ ఒత్తాది కదండి అత్తా. దాని ఎనకాలే దూరేత్తాను," అని నవ్వి, "ఎల్లొత్తాను" అని పోయింది.

ఉపాయం మంచిదే. మధ్యాహ్నానికి ఆగ్నేయం నుంచి గాలి లేచింది. ఆకాశం పెనంలా నల్లబడింది. ఆ గాలికి లాంచీ ఒడ్డు నుంచి బయల్దేరలేదు. వీరవేణి మాత్రం వచ్చేసింది. గోడ అవతల బూర వినపడింది: ఒక పొడుగు, మూడు పొట్టి, ఒక పొడుగు. లాకు తెరుచుకోలేదు. చక్రానికి గొలుసు లేదు. పదిమంది గోడెక్కి తాళ్ళు విసిరారు గానీ, ఆ అలల్లో పడవ గోడ దగ్గరకొస్తే పగిలిపోతుంది. దూరంగా జరిగి మళ్ళీ ఊదింది. మళ్ళీ తెరుచుకోలేదు.

నేను నూకరత్నం ఇంటికి పరిగెత్తాను. ఆమె ఎసరు ముందు నిలబడి ఉంది, చేతిలో బియ్యం చేట.

"వదినా, పలక తెరువు! నీ ఇంటి వరస చూడాల!"

తెరిచింది. చూశాను. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. "ఇల్లు" ఉంది. పిలుపు ఉంది. ఆఖరున ఏమీ లేదు.

"యాడుంది? గడియ యాడ పోయింది?"

నూకరత్నం నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "తీసేనొదినా. పిల్ల నీళ్ళ మీదుండగా గడియెలా ఎడతారు? ఒచ్చేక ఎడతాను."

"రోజూ ఇట్లే తీస్తావా?"

"నేనేటి, ఊరంతా తీత్తారు. మడిసి సముద్రం మీదుంటే ఇంటికి గడియెట్టకూడదు. తలుపుకైనా అంతే, పలకకైనా అంతే. మీ ఊళ్ళో ఎడతారా?"

నేను పీట మీద కూలబడ్డాను. పడవ పోగానే తీస్తారు, పడవ రాగానే పెడతారు. నేను ఎప్పుడు పోయాను చూడటానికి? పడవలు వచ్చాకే! లోపం ఉన్నంతసేపూ నేను లేను, నేను వచ్చేసరికి లోపం లేదు. చవితినాడు ఊరంతా ఇంట్లో ఉంది, ఊరంతా గడియలు పెట్టి ఉంది, ఊరంతా నెగ్గింది. ఈ పట్టింపు లేని కుర్ర కాపురాలకు ఏ ఇబ్బందీ లేదు. పోతురాజు లాంచీ ఒడ్డుదాకా పోయి వస్తుంది తప్ప సముద్రంలోకి పోదు, కాబట్టి ఆ ఇంట్లో గడియ తియ్యరు. ఇది ఇక్కడ అందరికీ తెలిసిన సంగతి గనకనే ఎవరూ నాకు చెప్పలేదు. పొద్దున లేచి మొహం కడుక్కున్నామని ఎవరు చెబుతారు?

పాత చదువరి ముసలిది, లౌక్యం తెలిసింది. గడియ లేకపోయినా, పట్టీలో కింది ఇంటి పేరు రాగానే పై ఇల్లు అయిపోయిందని తనే సర్దుకునేది. నేను తెచ్చిన ఈ పంతులమ్మ చెప్పింది చెప్పినట్టు చదువుతుంది. గడియ కనపడకపోతే ఇల్లు ఇంకా అవలేదనుకుని కింది ఇంట్లోకి చదువుకుంటూ పోతుంది.

"వదినా, పెట్టు గడియ. పెట్టిన మరుక్షణం లాకు తెరుచుకుంటాది. బిడ్డ లోపలికి వస్తాది."

నూకరత్నం చెయ్యి పలక దాకా పోయి ఆగింది. ముఖం పాలిపోయింది.

"ఆయన పోయిన్రోజున గాలికి తలుపు దానంతటదే పడిపోయింది. గడియ జారిపోయింది. నేను సూసుకోలేదు. ఒదినా, నాతో పెట్టించకు. నీకు దణ్ణవెడతాను."

నాకు కోపం వచ్చింది. కోపం వచ్చిందని రాసుకోవడానికి సిగ్గుపడను. కూతురు అలల మీద ఉంటే పట్టింపులా అని నోటిదాకా వచ్చింది. కానీ ఆ మనిషి ముఖం చూసి మింగేశాను. ఆమె గడియ తీసింది యంత్రాన్ని ఏడిపించడానికి కాదు, ప్రాణం అరచేతిలో పెట్టుకుని వెయ్యి రోజులుగా తీస్తోంది. ఆ చేతిని పట్టుకుని బలవంతంగా పెట్టించే హక్కు నాకు లేదు.

అయితే గడియ లేకుండా చదువరి ఏం చదువుతోంది? నూకరత్నం ఇల్లు, గవరయ్య పిలుపు, ఆ తరవాత కింది ఇల్లు. కింది ఇల్లు ఎవరిది?

నాది!

వీరవేణి పిలుపు వెంటనే నా పిలుపు కూడా వినపడితే చదువరికి వరస పూర్తవుతుంది. నా ఇంటికి గడియ ఉంది. అక్కడ ఆగుతుంది. పాపం అది అప్పట్నుంచీ నా కోసమే కాచుకుని ఉంది.

"వదినా, బూర ఉందా?"

గవరయ్య పాత బూర చూరులోంచి తీసి ఇచ్చింది. పట్టుకుని లాకు గోడ మీదికి పరిగెత్తాను. పడవెక్కాలంటే కళ్ళు తిరిగే నేను, ఆ గాలిలో గోడ బయటి అంచుకు పోయి చెవుల పక్కన నిలబడ్డాను. ఎలా పోయానో ఇప్పుడు తలుచుకుంటే కళ్ళు తిరుగుతున్నాయి. నా నడుముకు కట్టిన తాడు కొస కామేశు పట్టుకున్నాడు.

"ఊదు వీరవేణీ!" అని అరిచాను. ఆ పిల్ల ఊదింది. ఒక పొడుగు, మూడు పొట్టి, ఒక పొడుగు.

నేను ఊదాను. బూరలోంచి గేదె దగ్గినట్టు ఒక శబ్దం వచ్చింది.

పుట్టి బుద్ధెరిగాక నేను బూర ఊదింది లేదు. అంత తుఫానులోనూ వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. వాడెవడో నాకు తెలుసు, తాడు కదిలింది.

"పెదాలు బిగించండి! బుగ్గలతో కాదండి, పొట్టతో ఊదండి!" అని అరిచాడు కామేశు.

వీరవేణి మళ్ళీ ఊదింది. నేను మా ఊరి బస్సును తలుచుకున్నాను. మలుపు తిరిగేటప్పుడు డ్రైవరు కొట్టే హారను, సంచులు పట్టుకుని పరిగెత్తే జనం. రెండు పొట్టి. ఒక పొడుగు. ఊపిరి చాలలేదు, అయినా వదల్లేదు. రెండు పొట్టి.

లాకు లేచింది.

అంత హాయిగా లేచింది. పడవ అల మీద జారుకుంటూ లోపలికి వచ్చింది. నేను గోడ మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. నూకరత్నం లాకు దగ్గరకు రాలేదు. ఇంట్లో బియ్యం పోస్తోంది.


కార్తీక పున్నమి
గాలి తగ్గింది. కడుపులో రెండు రోజులుగా ఏమీ తిరగలేదు. ఎందుకో తెలియదు.

ఊరు కూర్చుంది. బిళ్లల కంపెనీ మనిషి పెట్టె తెరిచి బిళ్లలు పరిచాడు. నేను నిలబడి లోపం ఎక్కడుందో చెప్పాను. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"గడియ తీత్తావని మీకు తెలీదాండి?" అన్నాడు భద్రయ్య.

"ఎవురు చెప్పినారప్పా నాకు?"

"ఇందులో సెప్పేదేటుందండి?"

మరమ్మతు కూడా చెప్పాను. గడియ లేకపోయినా కొత్త ఇంటి పేరు కనపడగానే ఆగిపొమ్మని చదువరికి ఒక్క మాట చెబితే చాలు. పూట పని. మీరు గడియ తీసుకోండి, పెట్టుకోండి, మీ ఇష్టం. లాకు మాత్రం తెరుచుకుంటుంది.

చప్పట్లు కొడతారనుకున్నాను. ఎవరూ కొట్టలేదు.

"అయితే ఇంక పక్కింటోళ్ళు ఊదక్కర్లేదాండి?" అని వెనక నుంచి ఒకావిడ అడిగింది.

నిన్నంతా వాళ్ళు చేసిన పని అదే. గొలుసు రాలేదు గనక, పడవ రావడం కనపడగానే కింది ఇంటివాళ్ళు బూర పట్టుకుని గోడెక్కి వరస పూర్తి చేశారు. అక్కర్లేదన్నాను.

"నిన్న మా తమ్ముడి పడవొత్తే పోతురాజు వొచ్చి ఊదేడండి," అన్నాడు భద్రయ్య నెమ్మదిగా. "ఆడు మావోడి వల తాడు తెంపేడని గొడవొచ్చి తొమ్మిదేళ్ళు. ఇద్దరికీ మాటల్లేవు. నిన్న ఆడు ఊదక తప్పింది కాదు, ఈడు దణ్ణవెట్టక తప్పింది కాదు."

"మాటలింకా లేవండి," అన్నాడు పోతురాజు. "బూర వరకేనండి."

నవ్వులు ఆగడానికి కాసేపు పట్టింది. వీరవేణి లేచింది. "బిళ్లలొద్దండి. మొన్న గోడ మీద మా అత్త గేదెలా ఊదుతుంటే సచ్చినా ఇంటికెల్లాలనిపించింది నాకు. బిళ్ల నాకోసం గోడెక్కదు కదండి."

నేను మేస్త్రిని. లోపాన్ని లోపమని తెలిసి వదిలేసి పోవడం నాకు చేతకాదు. గంటసేపు వాదించాను, గొంతు పోయింది. ఆఖరికి రాజీ కుదిరింది. తుఫాను జెండా ఎగిరిన రోజున చదువరి తనంతట తనే ప్రతి ఇంటి దగ్గరా ఆగాలి, ఆ మాట నేను రాయాలి. చక్రానికి రెండు గొలుసులు ఉండాలి. మిగతా రోజుల్లో మాత్రం పక్కింటివాళ్ళే పలకాలి. బిళ్లల మనిషి పెట్టె మూసుకున్నాడు. పోయే ముందు నూకరత్నం అతనికి అన్నం పెట్టింది.

దినచర్యలో "లోపం" అనే గడి ఒకటుంది. అందులో ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలాను.


కార్తీక బహుళ సప్తమి

వీరవేణి పట్టు పట్టి నాకు చిన్న దోనె నడపడం నేర్పింది. రెండుసార్లు నీళ్ళలో పడ్డాను. ఊరివాళ్ళు నా తెప్ప పక్కన ఒక కొయ్య పాతి, "మీ రేవండి" అన్నారు. ఇవాళ నా దోనె వేసుకుని, మొదటిసారి ఒంటరిగా లాకు దాటి బయటికి పోయాను. ఎంతో దూరం కాదు. గోడ వెంబడే పోయి, చదువరి చెవికి చుట్టుకున్న నాచు తీశాను. సముద్రం నిజంగానే బాగుంది. ఇన్నాళ్ళూ దాన్ని తిట్టుకుంటూ చూశాను గనక తెలియలేదు.

పని ముగించి లాకు ముందుకొచ్చి బూర తీశాను. రెండు పొట్టి, ఒక పొడుగు, రెండు పొట్టి. చక్కగా ఊదాను, పొట్టతోనే.

లాకు తెరుచుకోలేదు.

మళ్ళీ ఊదాను. ఊహూఁ. తుఫాను జెండా లేదు, చెవులు ఇప్పుడే తుడిచాను, నా ఇంటి వరసకు గడియ ఉంది. నా చేత్తో నేనే పెట్టాను, పొద్దున చూసుకుని మరీ వచ్చాను. నా వెనక గడియ తియ్యడానికి ఇంట్లో నాకెవరున్నారు?

అప్పుడు తట్టింది. నా పలకకు చెయ్యి నేర్పించుకున్న మనిషి ఒకతే ఉంది.

దోనెలో తెడ్డు పక్కన పెట్టి కూర్చుండిపోయాను. లోపల నా ఇంటికి గడియ తీసి ఉంది. నా కోసం. పొయ్యి మీద ఎసరు మరుగుతూ ఉంటుంది. నా బస్సు హారను విని ఈపాటికి చేట వంచి ఉంటుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బయట నిలబడిపోయినందుకు ఇంత సంతోషపడిన మేస్త్రి ఈ లోకంలో ఇంకొకరు ఉండరు.

గోడ మీద కామేశు తల కనపడింది. నా కింది ఇల్లు వాడిదే మరి. చేతిలో బూర, మొహాన ఆ పాడు నవ్వు.

"ఊదమంటారా, ఇంకాసేపు సముద్రం సూత్తారా?"

"ఊదు నాయనా, ఊదు. అన్నం చల్లారిపోతాది."

వాడు ఊదాడు. లాకు లేచింది.

అంతా సవ్యం. ఓబులమ్మ, వరసల మేస్త్రి, తెప్పలపాలెం. చేపల పులుసు తినడానికి పోతున్నాను.